కోకాపేటలో మిట్టమధ్యాహ్నం

మే నెలలో హైదరాబాదు ప్రయాణం ఎవరూ కోరి పెట్టుకోరు. నేను కర్నూలులో ఒక డిగ్రీ కళాశాలలో మానవశాస్త్రం చెబుతాను. జవాబు పత్రాలు దిద్దడం అయిపోయింది. కిటికీలకు తడి దుప్పట్లు కట్టుకుని సెలవులు ఇంట్లోనే గడుపుదామనుకుంటుండగా గ్రేస్ ఫోన్ చేసింది.

గ్రేస్‌ది బాపట్ల. నేను ఎమ్మే చదివే రోజుల్లో తను నర్సింగ్ చదివేది. ఇద్దరం ఒకే హాస్టల్లో, ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడు కోకాపేటలో టవర్లు కడుతున్న ఒక కంపెనీ సైటులో ప్రథమ చికిత్స గదిని చూసుకుంటోంది.

"శారదా, ఒకసారి రావే," అంది. "ఎండదెబ్బ తగిలి పడిపోయినవాళ్ల మీద చన్నీళ్లు పోయనివ్వడం లేదే వీళ్లు. పోస్తే ప్రాణం పోతుందంటారు. నేను చెబితే తలూపుతారు, అవసరం వచ్చినప్పుడు అడ్డం పడతారు. నువ్వు జనం నమ్మకాల మీదే కదా పాఠాలు చెబుతావు. వచ్చి మాట్లాడి చూడు. మేనేజర్ని ఒప్పించా, అవగాహన సమావేశం పెడతాడు."

వాతావరణ మార్పు మీద కొన్నేళ్లుగా ఒక పాఠం చెబుతున్నాను. మనిషి చేసిన పనుల వల్లే భూమి వేడెక్కుతోందని శాస్త్రజ్ఞులు తేల్చారు. మా ప్రశ్నలు అక్కడి నుంచి మొదలవుతాయి. ఆ 'మనిషి' ఎవరు? వేడిని ఏ ఊరివాళ్లు ఏ పేరుతో పిలుచుకుంటారు? దేనివల్ల వచ్చిందని నమ్ముతారు? అది ముందుగా ఎవరి ఒంటిమీద పడుతుంది? ఇలాంటివి అడిగి తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పిలుపు రాదనిపించి బయల్దేరాను.

కర్నూలు సిటీ స్టేషన్‌లో తెల్లవారకముందే కాచిగూడ రైలు ఎక్కాను. రిజర్వేషన్ దొరకలేదు, జనరల్ పెట్టెలోనే చోటు వెతుక్కున్నాను. గద్వాల దాకా హాయిగా కూర్చున్నాను. అక్కడ జనం మూటలతో, ప్లాస్టిక్ బకెట్లతో, ఒక కుటుంబమైతే గ్యాస్ పొయ్యితో సహా ఎక్కారు. ఆ పొయ్యి నా కాళ్ల దగ్గరే పెట్టి, దాని యజమాని ఎదురుగా కూర్చున్నాడు.

"బోరు ఎండిపాయె మేడం," అన్నాడు నేను అడగకముందే. "ఇగ ఏం జేస్తం? పట్నంల బిల్డింగ్ పని దొర్కుతదంటే పోతున్నం."

నా పక్కన మెడలో ఐడీ కార్డు తీయడం మరిచిపోయిన ఒక అమ్మాయి కూర్చుంది. కొత్తగూడలో హాస్టల్లో ఉంటుంది, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఇంకా రెండ్రోజులు సెలవుంది మేడం. ఊళ్లో కరెంటు నిలవట్లేదు, నిద్ర లేదు. ఆఫీసుకెళ్తే చల్లగానైనా ఉంటుందని వెళ్లిపోతున్నా," అంది.

ఎండలు ఎందుకు పెరిగాయంటారు అని ఇద్దరినీ అడిగాను. అమ్మాయి కార్బన్ గురించి తడుముకోకుండా చెప్పింది. పొయ్యి మనిషి మాత్రం, "గుట్టలు పేల్చిన్రు, చెట్లు కొట్టిన్రు. పైనున్నోనికి కోపం రాదా?" అన్నాడు. మహబూబ్‌నగర్‌లో పల్లీ చట్నీతో ఇడ్లీ పొట్లాలు వచ్చాయి. జనరల్ పెట్టెలో వెళ్లేవారు అక్కడ తినేయడం మంచిది, తర్వాత తినుబండారాలవాళ్లు లోపలికి దూరే సందు ఉండదు.

కాచిగూడలో దిగేసరికి పది దాటింది. ప్లాట్‌ఫారం చివర నీడ అయిపోయిన చోట అందరూ ఒక్క క్షణం ఆగి, కొంగులు, తువ్వాళ్లు నెత్తిన వేసుకుని అప్పుడు ముందుకు కదిలారు. మలక్‌పేట మెట్రో దాకా ఆటో మాట్లాడుకున్నాను. "కిరాయి జర ఎక్కువైతది మేడం, ఫికర్ జేయకండి, సక్కగ దింపుత," అన్నాడు డ్రైవరు. అతని సీటు మీద తడి గోనెసంచి పరిచి ఉంది. అమీర్‌పేటలో మెట్రో మారి, చివరి స్టేషనైన రాయదుర్గంలో దిగాను. రైలంతా చల్లగా ఉంది. తలుపు తెరుచుకోగానే పొయ్యిమీది గిన్నె మూత తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది. ఎదురుగా అద్దాల భవనాలు. వాటిని నేరుగా చూడలేకపోయాను. రోడ్డుకు ఒకవైపు ఎండ, రెండోవైపు అద్దాల మీద పడి తిరిగొచ్చిన ఎండ.

గ్రేస్ డ్యూటీలో ఉంటుంది కాబట్టి ఆమె భర్త డేవిడ్ నన్ను తన ఆఫీసుకు రమ్మన్నాడు. ఒక ఐటీ భవనంలో ఏసీలు, జనరేటర్లు, లిఫ్టులు అన్నీ అతని బాధ్యతే. గుంటూరు మనిషి, నెమ్మదస్తుడు. "రండి శారదగారూ, ముందు మంచినీళ్లు తాగండి," అని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి భోజనం తెప్పించాడు. చుట్టూ చూశాను. పక్క బల్ల దగ్గర ముగ్గురమ్మాయిలు స్వెట్టర్లు వేసుకుని పెరుగన్నం తింటున్నారు. ఇంకొకతను శాలువా కప్పుకున్నాడు.

"ఇంత చలి అవసరమా అన్నయ్యా?" అన్నాను.

"తగ్గిస్తే ఒక ఫ్లోర్ వాళ్లు ఫోన్ చేస్తారండి, పెంచితే ఇంకో ఫ్లోర్ వాళ్లు. కంప్యూటర్ల గదులకైతే అసలు రాజీ లేదు," అన్నాడు. భోజనమయ్యాక డాబా మీదికి తీసుకెళ్లి చూపించాడు. పెద్ద పెద్ద యంత్రాలు లోపలి వేడినంతా పీల్చి బయటికి ఊదుతున్నాయి. వాటి ముందు నిలబడలేకపోయాను. పక్క భవనం డాబా మీదా అవే, దాని పక్కదాని మీదా అవే. "ఈ వేడి ఎక్కడికి పోతుంది?" అని అడిగాను. డేవిడ్ కిందికి, రోడ్డు వైపు చూశాడు.

సాయంత్రం అతని కారులో నిజాంపేట బయల్దేరాం. కొత్తగూడ ఫ్లైఓవర్ దాకా చీమల బారులా వెళ్లాం. నిజాంపేటలో వాళ్ల అపార్ట్‌మెంటు ఉన్న సందు నిండా విద్యార్థుల హాస్టళ్లే. సెలవుల్లో కూడా కోచింగ్ పిల్లలు ఉన్నారు. ఒక్కో గేటు ముందు ఒక్కో నీళ్ల ట్యాంకరు. గ్రేస్ అప్పటికే వచ్చి వంట చేస్తోంది. నన్ను చూసి గరిటె పట్టుకునే కౌగిలించుకుంది. రాత్రి భోజనానికి ముందు ఇంట్లో ప్రార్థన చేసుకున్నారు. డేవిడ్ కళ్లు మూసుకుని, "ప్రభువా, వాన దయచేయండి. మేము చేసిన దానికి మమ్మల్ని క్షమించండి," అన్నాడు. ఆ 'మేము' అనే మాటలో తనను తాను కలుపుకున్నాడు, నన్నూ కలిపాడు. ఇంకా ఎవరెవరిని కలిపాడో అడగాలనిపించింది గానీ ప్రార్థన మీద ప్రశ్నలు వేయకూడదని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గ్రేస్‌తో కోకాపేట చేరాను. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, పూర్తయిన టవర్ల మధ్య పూర్తి కానివి. వీళ్ల సైటులో టవరు ఇరవై అంతస్తులు దాటింది, ఇంకా లేస్తోంది. వెనకవైపు కూలీల గదులు, రేకులతో వరసగా కట్టినవి. సమావేశం మర్నాటికి పెట్టారు. అందువల్ల ఆ రోజు వాళ్లతో ఊరికే కూర్చుని మాట్లాడమంది గ్రేస్. ఆమె ప్రథమ చికిత్స గది ఆ రేకుల వరస చివరే. అందులో ఒక మంచం, ఒక ఫ్రిజ్, ఒక పెద్ద ఫ్యాను ఉన్నాయి.

ఒక గది ముందు, ఉన్న కాస్త నీడలో, అరవై దాటిన ఆవిడ జొన్నరొట్టెలు కాలుస్తోంది. పేరు ఈరమ్మ. దేవరకద్ర పక్క ఊరు. కొడుకు నర్సింలు, కోడలు సాయమ్మ పైన పనిలో ఉన్నారు. ఈరమ్మ వాళ్లకు వండిపెడుతూ, మధ్యలో ఇసుక జల్లెడ పడుతుంది. నేను పీట లాక్కుని కూర్చుంటే నాకూ ఒక రొట్టె పెట్టింది. ఉల్లిగడ్డ, ఎర్రకారం.

కాసేపు ఊరి సంగతులు మాట్లాడుకున్నాక చన్నీళ్ల మాట ఎత్తాను.

"కాలిన పెంక మీద సల్లటి నీళ్లు బోస్తే ఏమైతది మేడం? పలుగుతది. మనిషి పానం గూడ గంతే," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "మా మరిది పొలంల పడిపోయిండు. మోసుకొచ్చి వాకిట్ల పండవెట్టి రెండు బిందెల నీళ్లు గుమ్మరిచ్చిన్రు. గుమ్మరిచ్చిన గడియలనే పానం పోయింది. నేను నా కండ్లతోని సూసిన."

ఆ మాటతో నాకు చాలా అర్థమైంది. ఆ మనిషి ఎండలో ఎంతసేపు పడి ఉన్నాడో, ఇంటికి చేర్చేసరికి ఎంత ఆలస్యమైందో ఎవరికీ తెలియదు. ఈరమ్మ కళ్లు చూసింది మాత్రం నీళ్లు పోయడమూ ప్రాణం పోవడమూ. గ్రేస్ దాన్ని మూఢనమ్మకం అనుకుంటోంది. ఈరమ్మకు అది ఇంట్లో జరిగిన చావు.

"మరి ఒళ్లు కాలిపోతుంటే ఏం చేస్తారు?"

"ఉల్లిగడ్డ రసం అరికాళ్లకు రాస్తం. సల్ల తాగిపిస్తం. ఎండదెబ్బ వేరే, అమ్మతల్లి వేరే. నర్సింలుకు చిన్నగున్నప్పుడు అమ్మ పోసింది. ఒళ్లంత నిప్పులే. అప్పుడు ఏపాకు నీళ్లల ముంచి నెత్తి నుంచి కాళ్ల దాక తుడిసిన. తల్లి సల్లబడాలె గద. 'సల్లబడు తల్లీ, సల్లబడు' అనుకుంట తెల్లార్లు తుడుసుడే."

చెబుతున్నంతసేపూ ఆమె చేయి గాలిలో పైనుంచి కిందికి అలా నెమ్మదిగా కదులుతూనే ఉంది.

పన్నెండు అవుతుండగా పైనుంచి అరుపులు వినిపించాయి. సామాన్లు మోసే లిఫ్టు దిగింది. అందులోంచి నలుగురు ఒక ఆడమనిషిని మోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. ముందు నర్సింలు. వాళ్లు మోస్తున్నది సాయమ్మను. పై అంతస్తులో ఇటుకలు అందిస్తూ, అక్కడ లేని ఎవరితోనో మాట్లాడినట్టు ఏదో గొణిగి, అక్కడే కూలబడిందట. నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఎండలో పెట్టిన ఇనుప కడ్డీని పట్టుకున్నట్టుంది. చెమట చుక్క లేదు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి గానీ మమ్మల్ని చూడడం లేదు.

గ్రేస్ అంబులెన్సుకు ఫోన్ చేస్తూనే గది తలుపు తీసి మంచం మీద పడుకోబెట్టించింది. "నీళ్లు! బకెట్లు తీసుకురండి, ఫ్యాను ఇటు తిప్పండి!" అని కేకేసింది. ఒకతను బకెట్టుతో వచ్చాడు. ఈరమ్మ అతనికీ మంచానికీ మధ్య నిలబడింది.

"ఒద్దు! పొయ్యొద్దు! సంపుతరా నా కోడల్ని?"

"అమ్మా, ఆలస్యమైతే బతకదు, పక్కకు జరగండి," గ్రేస్ బతిమాలింది. ఈరమ్మ రెండు చేతులూ చాచింది. నర్సింలు తల్లి వైపు చూశాడు, గ్రేస్ వైపు చూశాడు, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. బకెట్టు పట్టుకున్నవాడు వెనక్కి తగ్గాడు. ఆ గదిలో ఉన్నవాళ్లంతా పాలమూరు వైపు వాళ్లే. ఈరమ్మ వద్దంటే వాళ్లలో ఎవరూ నీళ్లు పోయరు.

నేను తరగతిలో చెప్పే మొదటి పాఠం ఒకటుంది. ఎవరి నమ్మకాన్నీ తోసేయకండి, లోపలికి వెళ్లి అర్థం చేసుకోండి. అర్థం చేసుకోవడానికి అక్కడ వ్యవధి లేదు. ఆవిడను పట్టి పక్కకు లాగేయాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ పొద్దున గాలిలో కదిలిన ఆ చేయి గుర్తొచ్చింది.

"ఈరమ్మా," అన్నాను ఆమె భుజం పట్టుకుని. "గుమ్మరించొద్దు. ఎవరూ గుమ్మరించరు. ఒంట్లో తల్లి ఉన్నప్పుడు నర్సింలును ఎట్ల తుడిచినవో అట్ల తుడువు. నువ్వే తుడువు. సల్లబరుచు."

ఆమె నన్ను చూసింది. "ఏపాకు ఏది?" అంది.

గేటు దగ్గర ఒక వేపచెట్టు ఉంది. ఎవరో పరుగెత్తారు. అంతలో గ్రేస్ ఫ్రిజ్‌లోని మంచు ముక్కలన్నీ బకెట్లో వేసేసింది. కొమ్మ వచ్చింది. ఈరమ్మ దాన్ని ఆ నీళ్లలో ముంచి కోడలి నుదుటి నుంచి కాళ్ల దాకా తుడవడం మొదలుపెట్టింది. "సల్లబడు తల్లీ, సల్లబడు." మొదట భయంభయంగా, తర్వాత గబగబా. గ్రేస్ ఒక మాట కూడా మాట్లాడకుండా దుప్పటి తడిపి సాయమ్మ మీద పరిచింది, బకెట్లోని మంచు తీసి చంకల్లో పెట్టింది. ఈరమ్మ వారించలేదు. కాసేపటికి ఆమే చెంబుతో ముంచి పోయసాగింది. నర్సింలు లేచి బకెట్లు అందించాడు. నేను ఫ్యాను పట్టుకుని నిలబడ్డాను.

అంబులెన్సు ఆ ట్రాఫిక్‌లో చేరేసరికి సాయమ్మ ఒళ్లు కాస్త చల్లబడింది. ఒకసారి మూలిగింది. ఆ మూలుగు విని ఈరమ్మ నేలమీద కూలబడి ఏడ్చింది.

నేను చెప్పింది నిజమా, అబద్ధమా? సాయమ్మ ఒంట్లో ఏ తల్లీ లేదని నాకు తెలుసు. ఈరమ్మకు లోకం అర్థమయ్యే పద్ధతిని నా అవసరానికి వాడుకున్నాను. మా శాస్త్రంలో దీన్ని తప్పుపట్టేవాళ్లు ఉంటారు. వాళ్లతో వాదించను. అప్పటి నుంచి ఈ సంగతి మనసులో తిరుగుతూనే ఉంది.

ఆ రాత్రి సాయమ్మకు తెలివి వచ్చిందని దవాఖాన నుంచి కబురు వచ్చింది. మూత్రపిండాలకు దెబ్బ తగిలిందట. ప్రాణానికి ఫరవాలేదు గానీ చాలాకాలం ఎండలో పనిచేయకూడదన్నారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు కింద సమావేశం. సైట్ మేనేజరు యువకుడు, మర్యాదస్తుడు. కూలీలందరికీ మజ్జిగ పొట్లాలు తెప్పించాడు. "నీళ్లు బాగా తాగమని, నెత్తికి గుడ్డ కట్టుకోమని చెప్పండి మేడం. మీరు చెబితే వింటారు," అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. చన్నీళ్ల గురించి చెప్పనక్కర్లేదు. నిన్నటి సంగతి అందరికీ తెలుసు. ఎండలు ఏటేటా పెరుగుతున్నాయని, ఇది మనుషులు చేసిన మార్పని, మనమంతా జాగ్రత్తపడాలని చెప్పాను.

నర్సింలు వెనక వరసలో నిలబడ్డాడు. దవాఖాన నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మేడం, నీళ్లు తాగుతం. నీళ్లు కింద ఉన్నయి, మేం పైనుంటం. కిందికి దిగితే మేస్త్రి అరుస్తడు." రెండడుగులు ముందుకు వచ్చాడు. "ఇంకొక్కటి. మనుషులు చేసిన్రు అంటిరి. మేమేం జేసినం? మా ఊర్ల బోరెండె, గీడికొస్తిమి. మా గదిల ఫ్యాన్ గూడ లేదు."

షెడ్డులో ఎవరూ మజ్జిగ తాగడం లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"మీరు చేసింది చాలా తక్కువ," అన్నాను. "మనుషులు అంటే అందరం ఒక్కటి కాదు. కారులో తిరిగేవాళ్లు, ఏసీల్లో కూర్చునేవాళ్లు చేసింది ఎక్కువ. అందులో నేనున్నాను. దెబ్బ ముందు మీకు తగిలింది." మేనేజరు వైపు తిరిగాను. "సార్, ఇక వీళ్లకు నేను చెప్పేదేమీ లేదు. మీతోనే మాట్లాడాలి."

అతని గదిలో చాలాసేపు కూర్చున్నాం, నేనూ గ్రేసూ. మిట్టమధ్యాహ్నం పై అంతస్తుల్లో పని ఆపమని అడిగాం. "నాకు మాత్రం కనబడదా మేడం?" అన్నాడతను. "పైకెళ్తే నాకూ తల తిరుగుతుంది. ఫ్లాట్లు అప్పగించే తేదీ నా చేతిలో లేదు. రోజుకు ఇంత పని చూపించకపోతే నా స్థానంలో ఇంకొకడు వస్తాడు." గ్రేస్ ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజు పెంచింది. "చూడండి, నిన్న మీ సైటులోనే ఆ పిల్లకు చావు కొద్దిలో తప్పింది. రేపు ఇంకొకరు పడితే మంచు ముక్కలతో నేను ఆపలేనండి. నా వల్ల కాదు." అతను ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు, ఎవరెవరితోనో మాట్లాడాడు. సాయంత్రానికి ఒప్పుకున్నాడు. ఎండ తగ్గేదాకా మధ్యాహ్నం పై అంతస్తుల్లో పని ఉండదు. ప్రతి అంతస్తులో నీళ్ల డ్రమ్ములు పెడతారు. ఆగిన గంటలకు బదులు పని తెల్లవారుజామునే మొదలవుతుంది. ఈ నెలాఖరు వరకే.

ఆ మాట చెబితే మగవాళ్లు సంతోషించారు. ఈరమ్మ పక్కగదిలో ఉండే ఆవిడ మాత్రం, "అయితే మేం రొట్టెలు జేసెటందుకు నడిరాత్రి లేవాలె," అంది. మేమెవరమూ దాని గురించి ఆలోచించలేదు. మేనేజరు గదిలో బల్లకు అటువైపూ ఇటువైపూ కూర్చున్న ముగ్గురిలో ఇద్దరం ఆడవాళ్లమే.

మరో మూడు రోజులు నిజాంపేటలో ఉండిపోయాను. సాయమ్మను దవాఖాన నుంచి పంపాక, అత్తాకోడళ్లిద్దరూ ఊరికి పోదామని నిర్ణయించుకున్నారు. నర్సింలు సైటులోనే ఉంటాడు. నాదీ అదే రైలు దారి. డేవిడ్ తెల్లవారుజామునే మమ్మల్ని ముగ్గురినీ కాచిగూడలో దించి, పెట్టెలోపలి దాకా వచ్చి సాయమ్మకు కిటికీ పక్కన చోటు చూసి కూర్చోబెట్టాడు. గ్రేస్ కట్టిచ్చిన పులిహోర, నిమ్మకాయ నీళ్లు మాతో ఉన్నాయి. పొద్దుటి రైలు అయితేనే మంచిది. షాద్‌నగర్ దాటేదాకా గాలి చల్లగా ఉంటుంది.

సాయమ్మకు ముప్పై కూడా ఉండవు. దవాఖాన సంచిని ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. జడ్చర్ల దగ్గర నన్నడిగింది. "మేడం, నా మీద నీళ్లు పోసిందెవరు? నాకు యాది లేదు."

"మీ అత్త," అన్నాను.

ఆమె నమ్మలేనట్టు ఈరమ్మ వైపు తిరిగింది. ఈరమ్మ మరిది చావు సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నీళ్లంటే అత్తకు ఎంత భయమో కోడలికి తెలుసు. ఈరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "మెల్లగనే పోసిన బిడ్డా, గుమ్మరియ్యలె," అంది. సాయమ్మ అత్త భుజం మీద తల ఆన్చి కళ్లు మూసుకుంది.

"ఊళ్లోనూ ఎండే కదా ఈరమ్మా," అన్నాను నెమ్మదిగా.

"ఎండనే. ఆడ గూడ కూలికే పోవాలె. కానీ పొద్దెక్కితే పని ఇడిసి చెట్టు కిందికి పోతం. ఎవలు అడుగరు."

దేవరకద్రలో దిగారు. సాయమ్మ రెండడుగులు వేసి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ రెండడుగులు వేసింది. ఈరమ్మ ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో కోడల్ని పట్టుకుని, తన కొంగు ఆమె నెత్తిమీదికి లాగింది. రైలు కదిలేసరికి ప్లాట్‌ఫారం మీద వాళ్లు సగం దూరం కూడా వెళ్లలేదు.

గద్వాల దాకా నా ఎదుటి సీటు ఖాళీగానే ఉంది. మానవ కారణం అని నల్లబల్ల మీద ఒక్క మాటగా రాసేదాన్ని. వచ్చే ఏడాది ఆ మాట రాసి ఆగిపోలేను. డేవిడ్ 'మేము' అన్నాడు, నర్సింలు 'మేమేం జేసినం' అన్నాడు. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరం గురించే పాఠం చెప్పాలి. ఎలా చెప్పాలో ఇంకా తెలియదు. రైలు దిగేసరికి కర్నూలులోనూ ఎండ నిప్పులు చెరుగుతోంది.

హైదరాబాదు వెళ్లేవాళ్లు చాలామంది ఆ టవర్లు చూడ్డానికి సాయంత్రం పూట వెళతారు. దీపాలు వెలిగాక బాగుంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. వీలైతే వేసవిలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం వెళ్లండి. గొడుగు, నీళ్లు తీసుకువెళ్లండి. రోడ్డు పక్కన కాసేపు నిలబడి, ఆ వేళకు అద్దాల లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో చూడండి.